కోట గోడ, ఫిరంగి గుండు: భిలాయి నుంచి విశాఖకు అధ్యయన యాత్ర



భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ కర్మాగారంలో పనికోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారి సొంత ఊళ్ళకు వెళ్ళే రోడ్డు దారి పాత రాజ్యాల సరిహద్దులను దాటుకుంటూ సాగుతుంది. ఈ పాఠంలో ఆ దారిన ప్రయాణం చేద్దాం.

బస్తరు: ఇనుము పుట్టిన తీరు

మొదటి మజిలీ రాయపూర్. ఇక్కడి మహంత్ ఘాసీదాస్ మ్యూజియం 1875లో మొదలైంది. అక్కడినుంచి దాదాపు 300 కిలోమీటర్లు దక్షిణంగా, కేశ్‌కాల్ ఘాటు మీదుగా వెళితే జగదల్‌పూర్ వస్తుంది. బస్తరు రాజవంశానికి మూలపురుషుడైన అన్నమదేవుడు ఓరుగల్లు కాకతీయ వంశం వాడని సంప్రదాయం చెబుతుంది.

1910లో అడవిపై తమ హక్కులను హరించినందుకు బస్తరు గిరిజనులు తిరుగుబాటు చేశారు. గుండాధుర్ నాయకత్వంలో సాగిన ఆ భూమ్‌కాల్ పోరాటంలో తుపాకులకు ఎదురునిలిచినవి విల్లంబులు. బస్తరులో బొగ్గు, తోలు తిత్తులతో చిన్న కొలిమిలోనే ఇనుము తీసేవారు. అందులో జరిగే రసాయన చర్య భిలాయి ఫర్నేస్‌లో జరిగేదే: కార్బన్ మోనాక్సైడ్ ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది. అయితే చిన్న కొలిమి వేడికి ఇనుము పూర్తిగా కరగదు. స్పంజి లాంటి ముద్దగా వస్తే, దాన్ని సుత్తితో కొట్టి మలినాలు పోగొడతారు.

బొబ్బిలి: మట్టి గోడ బలం

కోరాపుట్ కొండలు దిగి సాలూరు దాటితే బొబ్బిలి. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం పాలకుడు పెద విజయరామరాజు పక్షాన ఇక్కడి కోటను ముట్టడించాడు.

ఆ కోట గోడలు మట్టివి. మట్టి గోడ బలహీనమని అనుకుంటున్నారా? వేగంగా వచ్చే గుండుకు గతిజశక్తి ఉంటుంది. రాతి గోడ దాన్ని అతి తక్కువ దూరంలో ఆపుతుంది. కాబట్టి బలం ఎక్కువై రాయి పగులుతుంది. మట్టిలో గుండు కొంత లోపలికి దిగి ఆగుతుంది. దూరం పెరిగినకొద్దీ బలం తగ్గుతుంది. అయినా ఫిరంగుల ముందు కోట నిలవలేదు. ఓటమి తప్పదని తెలిశాక రాజా రంగారావు పక్షం వారు తమ స్త్రీలను, పిల్లలను తామే చంపుకొన్నారు. కొద్ది రోజులకే తాండ్ర పాపారాయుడు విజయరామరాజును ఆయన డేరాలోనే చంపాడు.

ఒకసారి అక్కడ స్మారక స్తంభం దగ్గర ఒక విద్యార్థి నన్ను అడిగాడు: "మాస్టారూ, మా నాన్నది బొబ్బిలి, అమ్మది విజయనగరం. నేను ఎవరి పక్షం?"

"ముందు సాక్ష్యం పక్షం ఉండు బాబూ" అన్నాను. ఈ యుద్ధాన్ని వర్ణించిన కంపెనీ చరిత్రకారుడు ఓర్మ్ దాన్ని కళ్ళారా చూడలేదు. మన కథాగానం పాడినవారు బొబ్బిలి మీద అభిమానంతో పాడారు. రెండూ ఏకీభవించిన చోట నమ్మకం పెరుగుతుంది. విభేదించిన చోట ఇంకా వెతకాలి.

విజయనగరం, విశాఖ

విజయనగరం కోటకు 1713లో పునాది వేశారు. బొబ్బిలిలో గెలిచిన ఈ రాజ్యానికి కూడా 1794 జూలై 10న పద్మనాభం వద్ద కంపెనీ సైన్యం చేతిలో ఓటమి తప్పలేదు. చిన విజయరామరాజు ఆ యుద్ధంలోనే మరణించాడు. అంటే 37 ఏళ్ళ తేడాతో రెండు ఇళ్ళూ పరాయి సైన్యాల వల్ల నష్టపోయాయి.

చివరి మజిలీ విశాఖ సముద్రతీరం. 2002లో మ్యూజియంగా మారిన కురుసురా జలాంతర్గామి, మన భిలాయి కర్మాగారం లాగే సోవియట్ సహకారపు గుర్తు. ఉప్పుగాలిలో ఉక్కు త్వరగా తుప్పు పడుతుంది. ఉప్పు నీటిలో విద్యుత్తు సులువుగా ప్రవహించడమే దీనికి కారణం. రంగు పూత గాలినీ నీటినీ లోహం దాకా రానివ్వదు. కాబట్టి సంరక్షణ ఒకసారి చేసి వదిలేసే పని కాదు.

మీరు చేయవలసిన పని

మీ ఇంటి పెద్దలను వారి ఊరి కోట లేదా యుద్ధం గురించి అడగండి. విన్నది ఒక పక్క, చూసిన వస్తువు చెప్పేది మరొక పక్క రాయండి. రెంటికీ పొంతన కుదరని చోటే మీ పరిశోధన మొదలవుతుంది.