పాత బండను పారేయకండమ్మా!

ఇల్లు కట్టుకునేటప్పుడు గోడలకు ఏ రంగు వేయాలా అని నెలరోజులు ఆలోచిస్తాం. కింద ఏం పరచాలన్నది మాత్రం అంగడికి పోయిన రోజు అరగంటలో తేల్చేస్తాం. నేనూ అట్లాగే చేశాను. హిందూపురంలో మా ఇల్లు కట్టినప్పుడు అద్దంలా మెరిసే టైల్స్ చూసి మురిసిపోయి, హాలు నుంచి స్నానాల గది గుమ్మం దాకా అవే వేయించాను. ఒక ముసురు రోజు మా అత్తమ్మ తడికాళ్ళతో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగి మూడు నెలలు మంచం మీదే ఉన్నారు. తప్పు టైల్స్‌ది కాదు, తడి తగిలేచోట అంత నునుపైనవి కోరుకున్న నాది! అప్పట్నుంచీ ఎవరింటికి వెళ్ళినా నా చూపు ముందు నేల మీదికే పోతోంది.

మన దగ్గరి రాయి

మన మూడు ఊళ్ళూ 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. తాడిపత్రి అనంతపురం జిల్లాలోనే ఉండిపోయింది. జిల్లాలు వేరైనా తాడిపత్రి నాపబండలు మనకు ఎప్పుడూ ఇరుగుపొరుగే. అటు కర్నూలు వైపు బేతంచెర్ల బండలున్నాయి. ఇవి భూమిలో పొరలు పొరలుగా దొరికే సున్నపురాయి. తీసి, కోసి, పాలిష్ పట్టడమే. వీటిని కాల్చే పనిలేదు. అదే మెరిసే టైల్స్‌ను దాదాపు 1200 డిగ్రీల వేడిలో కాలుస్తారు. పైగా ఎక్కువభాగం గుజరాత్‌లోని మోర్బీ నుంచి లారీలెక్కి రావాలి. దగ్గర దొరికేది వదిలి దూరానిది తెచ్చుకుంటే ఖర్చు మనకే కాదు, గాలికీ నీటికీ కూడా.

అలాగని రాయి అంటే దోషమే లేదనుకోకండి. గనిలో తవ్విన గుంత మళ్ళీ తనంతట తాను పూడదు. పాలిష్ పట్టినప్పుడు వచ్చే బురదను ఎక్కడో ఒకచోట పోయాల్సిందే. అందుకే నేను చెప్పేదేమంటే, కొత్త బండకన్నా మీ ఇంట్లో ఉన్న పాత బండే మేలు!

పెనుకొండలో మా పుట్టిల్లు

పెనుకొండ దగ్గర 2019లో కియా కార్లు తయారవడం మొదలయ్యాక చుట్టుపక్కల పాత ఇళ్ళు తీసి కొత్తవి కట్టేవాళ్ళు ఎక్కువయ్యారు. మా తమ్ముడూ నాయన కట్టిన ఇల్లు పడగొట్టడానికి సిద్ధమయ్యాడు. “ఈ పాత బండలు ఏం చేసుకుంటావక్కా, గుంతలో పోయిస్తాలే” అన్నాడు. నేను ఒప్పుకోలేదు. మట్టి, సున్నం కలిపి పరిచిన బండలు కదా, గడ్డపారతో అంచు నుంచి మెల్లగా లేపితే పదింటికి ఎనిమిది చెక్కు చెదరకుండా వచ్చాయి. సిమెంటులో బిగించి ఉంటే ముక్కలయ్యేవి. అరిగిన వైపు కిందికి తిప్పి, రెండోవైపు సన్నగా రుద్దించాం. తమ్ముడి కొత్తింటి పడసాలకు సరిపోగా, మిగిలినవి మా అత్తమ్మ గదికి తెచ్చుకున్నాను.

ధర్మవరంలో మగ్గం గుంత

మా ఆడబిడ్డది ధర్మవరం, పట్టుచీరల మగ్గం ఇల్లు. నేసేవాళ్ళు గుంతలోకి కాళ్ళు పెట్టి కూర్చుంటారు. వానాకాలం ఆ గుంతలోకి నీళ్ళు దిగితే పని ఆగిపోతుంది, పని ఆగితే కూలీ ఆగుతుంది. “టైల్స్ వేస్తే మగ్గం జరపాలన్నప్పుడల్లా పగలగొట్టాల” అని వదిన భయం. నాపబండ అయితే లేపి మళ్ళీ పరుచుకోవచ్చు. గుంత చుట్టూ బండను నాలుగు వేళ్ళ ఎత్తు లేపి, మిగతా నేలను వాకిలి వైపు కాస్త వాలుగా పరిపించుకుంది. ఈ ఏడు వానకు పైనీళ్ళు గుంతలోకి పోలేదు. ఊట నీరు ఉన్న చోట మాత్రం ఇది చాలదు.

ఎంచుకునేటప్పుడు ఇవి చూడండి

* బండను నాణెంతో తట్టండి. గణగణ మోగాలి. బొంగురుగా పలికితే లోపల చీలిక ఉండొచ్చు.
* స్నానాల గదికి, పెరడుకు, ముసలివాళ్ళ గదికి పాలిష్ లేని గరుకు వైపే పైకి రావాలి.
* నిమ్మరసం, చింతపండు పులుసు, వెనిగర్ సున్నపురాయిని తినేస్తాయి. అందుకే వంటింటి గట్టుకు గ్రానైట్ మంచిది. కింద పడితే వెంటనే తుడిచేయండి.
* యాసిడ్ పొరపాటున కూడా వాడకండి. గోరువెచ్చని నీళ్ళలో కొద్దిగా సబ్బు చాలు. మెరుపు కోసం నూనె రాయకండి, జారుతుంది.
* కాల్చిన మట్టి పలకలు వరండాకు అందం, చల్లదనం. నూనెను పీల్చుకుంటాయి కాబట్టి వంటింటికి వద్దు.
* చలికాలం బండ చల్లదనం మోకాళ్ళకు పట్టకుండా ఈతచాప పరవండి.

హిందూపురానికి దగ్గర్లోని లేపాక్షి గుడిలో 16వ శతాబ్దంనాటి రాతినేల మీద మనం ఇప్పటికీ నడుస్తున్నాం. మనిల్లు అన్నేళ్ళు ఉండకపోయినా, బండను మాత్రం పిల్లలకు అప్పగించి పోవచ్చు కదా!

మా అత్తమ్మ ఇప్పుడు చేతికర్ర పట్టుకుని మా నాయన పరిపించిన బండల మీదే నడుస్తున్నారు. “ఇది మీ నాయన నేలమ్మా, జారనీదు” అంటారు. ఇల్లు తీస్తున్న వాళ్ళెవరైనా ఉంటే, గడ్డపార ఎత్తేముందు ఒక్కసారి కిందికి చూసుకోండి. ఏమంటారు?