హెచ్.ఐ.వి. తొలి ఆనవాళ్లు చర్మంపైన, నోటిలోనే: పరీక్షలో జాప్యం తగదు

విజయవాడ: హెచ్.ఐ.వి. సోకినవారిలో అత్యధికులకు ఏదో ఒక దశలో చర్మ వ్యాధులు గాని, నోరు, జననాంగాల శ్లేష్మ పొరల వ్యాధులు గాని కలుగుతాయి. రోగనిరోధక శక్తికి కీలకమైన సి.డి.4 కణాలను వైరస్ క్షీణింపజేయడమే ఇందుకు కారణం. అనేకులలో ఇవే తొలి హెచ్చరికలు.

గుర్తించవలసిన లక్షణాలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ వ్యాధిని నాలుగు దశలుగా విభజించింది. అక్కి (సర్పి), ముఖంపై చుండ్రు వంటి పొలుసులు, పెదవుల మూలలు పగలడం, దురద పొక్కులు రెండవ దశకు చెందినవి. నోటిలో తెల్లని పూత తగ్గకుండా ఉండటం మూడవ దశకు సూచన. ఆ పూత అన్నవాహికకు వ్యాపించినా, హెర్పిస్ పుండ్లు నెలకు మించి మానకపోయినా నాలుగవ దశగా పరిగణిస్తారు.

డెల్టాలో పొరపాటుకు ఆస్కారం

కాలువలు, వరిచేలు విస్తరించిన కృష్ణా డెల్టాలో దురద పొక్కులను కేవలం దోమకాటుగా భావించే అవకాశం ఉంది. హెచ్.ఐ.వి. ఉన్నవారిలో కీటకాల కాటుకు చర్మం అతిగా స్పందించడం వలన ఈ పొక్కులు ఏర్పడవచ్చునని ఉగాండాలో జరిగిన అధ్యయనం 2004లో సూచించింది. అయితే దోమల ద్వారా హెచ్.ఐ.వి. వ్యాపించదు. అక్కికి జాజుతో బొమ్మ వ్రాయించుకొని ఊరుకోవడం, తామరకు వైద్యుల సలహా లేకుండా స్టిరాయిడ్ లేపనాలు వాడటం వలన అసలు కారణం మరుగున పడుతుంది.

ఈ లక్షణాలు హెచ్.ఐ.వి. లేనివారిలోనూ కనిపిస్తాయి. మధుమేహం ఉన్నవారికీ నోటిపూత రావచ్చు. కనుక రక్త పరీక్షే నిర్ధారణకు ఆధారం.

ఉచిత చికిత్స

దేశంలో ఉచిత ఎ.ఆర్.టి. చికిత్స 2004 ఏప్రిల్ 1న ప్రారంభమైంది. 2017 నుంచి సి.డి.4 సంఖ్యతో నిమిత్తం లేకుండా, వ్యాధి నిర్ధారణ అయిన వారందరికీ మందులు అందజేస్తున్నారు. విజయవాడ ప్రభుత్వ సాధారణ ఆసుపత్రిలో ఎ.ఆర్.టి. కేంద్రం ఉంది. క్రమం తప్పక మందులు వాడితే రోగనిరోధక శక్తి పుంజుకొని పై వ్యాధులు చాలావరకు తగ్గుముఖం పడతాయి. చికిత్స మొదలైన తరువాత దద్దుర్లతో పాటు జ్వరం, నోటిపుండ్లు, చర్మం ఊడటం వంటివి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

గోప్యత చట్టబద్ధ హక్కు

హెచ్.ఐ.వి., ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం-2017 దేశంలో 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం పరీక్షకు వ్యక్తి సమ్మతి అవసరం. వైద్యంలో, ఉద్యోగంలో వివక్ష చూపడం నిషిద్ధం. చర్మంపై మచ్చలను చూసి ఒకరికి వ్యాధి ఉన్నదని అధికారులు గాని, పత్రికలు గాని నిర్ణయించరాదు. ఆ భయమే రోగిని పరీక్షా కేంద్రానికి దూరం చేస్తుంది.

సలహాల కొరకు 1097 టోల్‌ఫ్రీ నంబరును సంప్రదించవచ్చు.