ముందు కొలత – తర్వాత కొనుగోలు



మొన్న సెలవుల్లో ఘాటీ దిగుతుంటే మా అన్నయ్య గేర్ల సైకిలు ఫ్రేము వెల్డింగు దగ్గర విరిగింది. చక్రాలు మాత్రం బాగున్నాయి. నాన్న మిరియాలు అమ్మిన డబ్బులిస్తే, పాత సామాన్ల కొట్లో ఇంకో ఫ్రేము కొన్నాం. తొందరపెట్టింది నేనే. తీరా బిగించబోతే వెనక చక్రం దూరలేదు!

అప్పుడు సైకిలు షాపు మామ మూడు సంగతులు చెప్పాడు.

1. ఇరుసు కూర్చునే రెండు చీలికల మధ్య దూరం. అన్నయ్య వెనక చక్రానికి 135 మి.మీ. కావాలి. మేం తెచ్చింది మామూలు సైకిలుది, 120 మాత్రమే ఉంది. గుంజి వెడల్పు చేస్తే ఫ్రేము లైను తప్పుతుంది.

2. రిమ్ము సైజు. 26 అంగుళాలవన్నీ ఒకటి కావు. టైరు పక్కన 559 అని ఉంటే కొండ సైకిలుది. 590 అని ఉంటే వేరే రకం.

3. బ్రేకులు. రిమ్మును పట్టే బ్రేకులైతే, వాటిని బిగించే మొలలు ఫ్రేముకి సరిగ్గా రిమ్ము దగ్గరే ఉండాలి. డిస్కు బ్రేకులకి బిగింపు వేరు.

కొట్టువాడు సగం డబ్బులే తిరిగిచ్చాడు. అన్నయ్య ఇప్పుడు కాలేజీకి నడిచి వెళ్తున్నాడు. ఈసారి నేను టేపు జేబులో పెట్టుకునే వెళ్తాను. మీరూ అంతే చెయ్యండి!

– 9వ తరగతి విద్యార్థి