కాలువ నీళ్లు చెరువుకు తెచ్చే అందం

మడకశిర వైపు చెరువు నిండి మరవ (అలుగు) పారిందంటే పండగే. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు బైకులేసుకుని చూడటానికి వస్తారు, గంగపూజ చేస్తారు, పిల్లలు మరవ కింద తడుస్తారు. వానల్ని నమ్ముకుంటే ఈ పండగ ఏళ్ల తరబడి రాదు. హంద్రీ-నీవా ఎత్తిపోతల పథకం వచ్చాక, వాన లేకపోయినా చెరువు నింపొచ్చన్న ఆశ పుట్టింది. ఈ పథకం తెచ్చే సాగునీటి లెక్కలు అందరికీ తెలుసు. కంటికి కనిపించే మార్పును మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

నందికొట్కూరు దగ్గర మల్యాలలో శ్రీశైలం జలాశయం నుంచి నీళ్లు తోడతారు. లక్ష్యం 120 రోజుల్లో 40 టీఎంసీలు, అంటే సెకనుకు 3,850 ఘనపుటడుగులు. 2012లో ఆ నీళ్లు జీడిపల్లి రిజర్వాయర్‌కు, 2016లో పెనుకొండ దగ్గరి గొల్లపల్లి రిజర్వాయర్‌కు చేరాయి. మడకశిర బ్రాంచి కాలువ మొదలయ్యేది అక్కడే. శ్రీశైలం పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 270 మీటర్ల ఎత్తున ఉంటే, మడకశిర దాదాపు 670 మీటర్ల మీద ఉంది. ఒక్క టీఎంసీని 400 మీటర్లు పైకెత్తడానికి భౌతికశాస్త్రం ప్రకారమే 3 కోట్ల యూనిట్ల కరెంటు కావాలి. మోటార్లలో పోయేది దీనికి అదనం. ఇంత ఖరీదైన నీటిలో, అనంతపురం ఎండకు ఏడాదిలో రెండు మీటర్ల దాకా ఆవిరైపోతుంది. లోతు తక్కువున్న చెరువుకు అది చావుదెబ్బ.

నీళ్లు తోడే చోట సంగతి వేరు. మల్యాలకు దూరం కాని సంగమేశ్వరం గుడి ఏడాదిలో ఎక్కువ కాలం శ్రీశైలం జలాశయంలోనే మునిగి ఉంటుంది. మట్టం సుమారు 840 అడుగులకు పడిపోతే బయటపడుతుంది. భక్తులకు అదే దర్శనాల కాలం. మట్టం తగ్గడానికి హంద్రీ-నీవా ఒక్కటే కారణం కాదు, కరెంటు ఉత్పత్తికీ మిగతా కాలువలకూ అందులో వాటా ఉంది. నీళ్లు తగ్గితే అందం పోతుందన్న మాట అన్నిచోట్లా నిజం కాదని మాత్రం ఆ గుడి చూస్తే తెలుస్తుంది.

హిందూపురం అవతల, చిలమత్తూరు మండలం వీరాపురంలో పెయింటెడ్ స్టార్కులు చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. ఊళ్లో సైబీరియా కొంగలంటారు గానీ ఇవి మన దేశపు పక్షులే. సగం తెరిచిన ముక్కును నీళ్లలో అటూ ఇటూ ఆడిస్తూ, చేప తగలగానే పట్టేస్తాయి. కాబట్టి వాటికి మోకాలి లోతుకు మించని నీళ్లు కావాలి. చెరువులు పూర్తిగా ఎండితే పిల్లలకు మేత దొరకదు. కాలువ నీటితో ఏడాది పొడవునా అంచుదాకా నింపి ఉంచినా ఇబ్బందే, ఎందుకంటే నీళ్లు మెల్లగా వెనక్కి తగ్గుతూ వదిలే బురద అంచే వాటి మేతస్థలం. మనుషులు ఫొటో తీసుకునే చెరువు, కొంగ ఎంచుకునే చెరువు ఒకటి కావు. చెరువు నింపే తేదీతో పాటు, ఎంత తగ్గనివ్వాలో కూడా ముందే నిర్ణయించుకోవడం మేలని నాకనిపిస్తుంది.

ఇక కాలువ గట్లు. మట్టి కాలువలో నీళ్లు ఇంకి పక్క బోర్లకు ఊట పెరుగుతుంది, గట్టున గడ్డి మొలుస్తుంది, పశువులు దిగి నీళ్లు తాగుతాయి. కాంక్రీటు లైనింగు వేస్తే నీళ్లు త్వరగా, నష్టం లేకుండా చివరిదాకా వెళ్తాయి. చివర ఉన్న మడకశిరకు అది లాభమే. దారిలో ఉన్న రైతులు మాత్రం లైనింగును గట్టిగా వ్యతిరేకించారు, వాళ్ల బోర్ల దృష్ట్యా అందులో న్యాయముంది. ఈత సరదా ఉన్నవాళ్లకు ఇంకో ప్రమాదం: నున్నటి వాలు గోడ మీద పాచి పడితే, లోపలికి జారినవాడికి పట్టు దొరకదు. లైనింగు వేయక తప్పని చోట ఊరి దగ్గర మెట్లు, పట్టుకోవడానికి గొలుసులు కూడా అంచనాల్లోనే రాయాలి.