బుడగల చొక్కా

జువ్వలదిన్నె లాంటి చేపల రేవులో ఒడ్డుకు చేరిన సరుకు ఐసు పెట్టుకుని థర్మోకోల్ పెట్టెల్లోకి ఎక్కుతుంది. ఆ పెట్టె మూల విరిచి చూస్తే కనిపించే తెల్లటి గింజల్లో నూటికి 95 పాళ్లకు పైగా గాలే. కదలడానికి చోటు లేక చిక్కుపడిపోయిన గాలి. బయటి ఎండ లోపలి ఐసును చేరకుండా ఆపేది అదే. ఈ కిటుకునే తిరగేసి, ఒంటి వేడి బయటికి పోకుండా మనిషికి తొడిగితే వెట్‌సూటు అవుతుంది. పేరులో తడి ఉంది కాబట్టి గుట్టంతా తడిలోనే ఉందనుకుంటారు. లోపలికి చేరిన పలచని నీటి పొర ఒంటి వేడికి వెచ్చబడి, దుప్పటిలా కాపాడుతుందన్నది డైవింగ్ నేర్చుకునేవాళ్లు తరచూ వినే మాట. వినడానికి బాగుంటుంది గానీ లెక్కకు నిలవదు. కాపాడేది బుడగ. ఆ బుడగను పనిచెయ్యనిచ్చేది సూటు బిగువు. చన్నీళ్లలో దిగడానికి సూటు ఎంచుకునేవాళ్లు మొట్టమొదట అడిగే మందం మూడో స్థానంలో ఉండాలి.

వెట్‌సూటును కనిపెట్టిన మనిషికి ఈ సంగతి మొదటినుంచీ తెలుసు. నియోప్రిన్ అనే కృత్రిమ రబ్బరు 1930లో అమెరికాలోని డ్యూపాంట్ ప్రయోగశాలలో పుట్టింది. తర్వాత నైలాన్‌తో పేరు తెచ్చుకున్న వాలెస్ కారోథర్స్ బృందంలో ఆర్నాల్డ్ కాలిన్స్ చేతికి చిక్కిన పదార్థం అది. ఇరవై ఏళ్ల తర్వాత, అణుబాంబు తయారీలో పనిచేసి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి వచ్చిన భౌతిక శాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్ అమెరికా నౌకాదళ గజ ఈతగాళ్ల చలి బాధ మీద దృష్టి పెట్టాడు. అప్పటిదాకా అందరి ప్రయత్నమూ ఒక్కటే: లోపల ఉన్ని, పైన రబ్బరు, ఒక్క చుక్క కూడా ఒంటిని తాకకూడదు. ఎక్కడైనా చిన్న చిరుగు పడితే ఆ ఏర్పాటంతా నీళ్లపాలే. బ్రాడ్నర్ అడిగిన ప్రశ్న వేరు. అసలు ఒళ్లు పొడిగా ఎందుకుండాలి? గుడ్డలోనే బుడగలు బందీగా ఉంటే, ఒళ్లు తడిసినా వేడి నిలవాలి కదా! అందుకు నురగలా పొంగించిన నియోప్రిన్ పనికొస్తుందని సూచించినవాడు ఇంజనీరు విల్లార్డ్ బాస్కమ్. ఆలోచన 1951లో, సూటు ఆ మరుసటి ఏడాదికి. తమాషా ఏమిటంటే, ఎవరికోసం తయారైందో ఆ నౌకాదళమే దాన్ని అక్కున చేర్చుకోలేదు. ఆ బుడగలు సోనార్‌కు ఈతగాణ్ణి పట్టించేస్తాయని భయం! బ్రాడ్నర్‌కు పేటెంటూ దక్కలేదు. సముద్రపు అలల మీద ఆడుకునే కుర్రాళ్లకు సూట్లు అమ్మిన జాక్ ఓనీల్, మీస్ట్రెల్ అన్నదమ్ములు పేరూ డబ్బూ సంపాదించారు.

ఇప్పుడు లెక్క. ఇడ్లీలోనూ బుడగలుంటాయి, కానీ ఒకదానికొకటి దారి ఉంటుంది కాబట్టి సాంబారు పీల్చేసుకుంటుంది. హవాయి చెప్పులో బుడగలకు దారి ఉండదు, అందుకే తేలుతుంది. నియోప్రిన్ చెప్పు జాతిది. నీరు గాలికన్నా సుమారు పాతిక రెట్లు తేలిగ్గా వేడిని దాటిస్తుంది. కదలకుండా నిలిచిన ఒక మిల్లీమీటరు నీటి పొర ఇచ్చే అడ్డు, ఏడు మిల్లీమీటర్ల నియోప్రిన్ ఇచ్చే అడ్డులో నూటికి ఒకటో రెండో వంతు. దుప్పటి అనడానికి అది ఏ మూలకు? పైగా ఆ పొర ఊరికే వెచ్చబడదు. పెద్దమనిషి ఒంటి చుట్టూ మిల్లీమీటరు పొర అంటే దాదాపు రెండు లీటర్లు. దాన్ని 15 డిగ్రీల నుంచి 30కి తేవాలంటే సుమారు 125 కిలోజౌళ్లు కావాలి. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లో 20 నిమిషాల్లో పుట్టే వేడి అంతా దానికే సరి. ఒక్కసారైతే ఒళ్లు భరిస్తుంది. సూటు వదులుగా ఉండి, చెయ్యి చాపినప్పుడల్లా మెడ దగ్గర కొత్త నీరు దూరి నడుము దగ్గర పాత నీరు పోతుంటే, ఆ ఖర్చు మళ్లీ మళ్లీ. మూత సరిగ్గా పడని ఐసు పెట్టె ఎంత మందమైతే మాత్రం ఏం లాభం? మంచి సూట్లలో అతుకును ముందు జిగురుతో అంటించి, సూది గుడ్డ మందంలో సగం దాకానే దిగేలా కుడతారు. రంధ్రం అవతలికి తేలకపోతే నీటికి దారి ఉండదు. కొనేటప్పుడు లోపలివైపు తిరగేసి ఈ కుట్టు చూసేవాళ్లు తక్కువ, మిల్లీమీటర్లు అడిగేవాళ్లే ఎక్కువ.

బిగువు సమానంగా ఉన్నప్పుడు మూడుకన్నా ఏడు మేలు కదా అంటే, పైపై నీళ్లలో నిస్సందేహంగా మేలే. మంచు కరిగి పారే సరస్సుల్లో మూడు మిల్లీమీటర్లతో దిగమని ఎవరూ చెప్పరు. చిక్కు లోతుతో వస్తుంది. పది మీటర్లు దిగితే ఒత్తిడి రెట్టింపు, ముప్ఫై దగ్గర నాలుగు రెట్లు. బుడగలు నలిగిపోతాయి. రబ్బరు గోడలు కొంత ఆపినా, ముప్ఫై మీటర్ల దగ్గర సూటు మందం దాదాపు సగానికి పడిపోతుంది. లోతుకు వెళ్లేకొద్దీ నీరు చల్లబడుతుంటే సూటు పలచబడుతుంటుంది, అవసరానికి అక్కరకు రాని చుట్టంలా. మందమైన సూటు పైన బాగా తేలుతుంది గనక దాన్ని ముంచడానికి నడుముకు కిలోల కొద్దీ సీసం కట్టుకోవాలి. తీరా కింద బుడగలు నలిగి తేలే గుణం తగ్గాక అదే సీసం లాగేస్తుంది. అందుకే పది డిగ్రీల లోపు నీళ్లకు అనుభవజ్ఞులు వెట్‌సూటును దాటి, ఒంటిని పొడిగానే ఉంచే డ్రైసూటుకు పోతారు. బ్రాడ్నర్ వద్దనుకున్న దారి అక్కడ మళ్లీ అవసరమైంది.

పై నీరు ఏడాదంతా 26-30 డిగ్రీలుండే నెల్లూరు తీరానికి ఈ గొడవంతా ఎందుకనేవాళ్లకూ జవాబుంది. కదలకుండా ఉన్న ఒళ్లు వేడి కోల్పోకుండా ఉండాలంటే నీరు 33-35 డిగ్రీలుండాలి. 28 డిగ్రీల నీళ్లలోనూ గంటల తరబడి పనిచేసే మనిషికి వణుకు పుడుతుంది. అతనికి ఏడు మిల్లీమీటర్లు బరువు చేటు, బిగువైన మూడు చాలు. మన సముద్రం అంతా ఒకే వేడిలోనూ లేదు. 1950ల తొలినాళ్లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్, వాల్తేరు తీరాన వేసవి మొదట్లో అడుగునుంచి చల్లని నీరు పైకి ఉబుకుతుందని కొలతలతో చూపించాడు. మూడు వందల మీటర్ల లోతున బంగాళాఖాతం సుమారు 12 డిగ్రీలే. విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డు కట్టగా 2025 జూలై 18న భారత నౌకాదళంలో చేరిన ఐఎన్ఎస్ నిస్తార్ నౌక డైవర్లను దించగల లోతు అదే. అక్కడ బుడగ పనికిరాదు. అంత లోతున పనిచేసేవాళ్ల సూటులోకి పైనుంచి గొట్టంతో వేడినీళ్లు పంపుతారు. వెచ్చని నీటి దుప్పటి అన్న మాట అక్షరాలా నిజమయ్యేది అక్కడే, అదీ పైన బాయిలరు మండుతున్నంతసేపే.

మీరు ఆ లోతులకు పోని మామూలు డైవరైతే, దుకాణంలో సూటు తొడుక్కుని ఒకసారి వంగి, రెండు చేతులూ పైకెత్తి, మెడ వెనకా నడుము వంపులోనూ తడిమి చూడండి. అక్కడ గుప్పెడు ఖాళీ తగిలితే, ఎన్ని మిల్లీమీటర్లున్నా ఆ సూటు మీది కాదు.