పచ్చబడిన ఆటపెట్టె

ఇంటిలో నొక వస్తువు పసుపురంగు తిరిగినచో మనము సబ్బునీటితో తోముదుము. పోకున్నచో అటకపై వేయుదుము. మేమును అంతకంటె నెక్కుడు ఆలోచించినవారము కాము. కాని 2023 వేసవిలో న్యూజెర్సీలోనున్న మా అక్కగారి యింటికి పోయినప్పుడు, ఎంత తోమినను వదలని యొక పచ్చదనముతో పదునైదు దినములు పెనగులాడవలసి వచ్చెను. అందు తెలిసికొన్న సంగతులు పాఠికలలో కొందరికైనను పనికివచ్చునని వ్రాయుచున్నాము.

ఆ వస్తువు పిల్లలు టీవీకి తగిలించి యాడుకొను వీడియో ఆటల పెట్టె. పేరు సూపర్ నింటెండో. జపానులోని నింటెండో సంస్థయందు మసయూకి ఉయెమురా అను ఇంజనీరు 1983లో ఫామికామ్ అను ఆటపెట్టెను, 1990లో దానికి తమ్ముని వంటి సూపర్ ఫామికామ్‌ను రూపొందించెను. అదియే 1991లో బూడిదరంగు ఒంటితో, ఊదారంగు మీటలతో అమెరికాకు వచ్చెను. మన యూళ్లలో 1990 తరువాత పిల్లలు క్యాసెట్టు దోపి యాడిన చవుక వీడియో గేములలో పెక్కు ఆ మొదటి ఫామికామ్‌నకు నకళ్లే. కావున ఇట్టి పెట్టె మీ యటకమీదను ఉండవచ్చును.

మా బావగారు దానిని 1992లో కుమారుని పుట్టినదినమునకు కొని తెచ్చిరి. స్నేహితుల పెట్టెలతో కలిసిపోకుండుటకై అడుగుభాగమున నల్లని యింకుతో పిల్లవాని పేరు తెలుగులో వ్రాసిరి. బావగారు గతించి యప్పటికి ఆరేండ్లు. అబ్బాయి తన కూతురిని వెంటబెట్టుకొని జూలైలో రానుండెను. "తాత తెచ్చిన వస్తువని ఆ పిల్లకు చూపాలని ఉందే. కాని దీని మొహం చూడు, చుట్ట తాగేవాడి పళ్లలాగుంది" అని అక్కగారు వాపోయిరి. నిజమే. పైమూత ముదురు పసుపు. అడుగుభాగము మాత్రము కొంచెము మాసినట్లుండెను, అంతే.

ఒకే పెట్టె, ఒకే యల్మార, ఒకే ముప్పది యేండ్లు. రెండు భాగములకు రెండు రంగులేల? మేము మొదట ఎండ తగిలినదనుకొంటిమి. కాని మూతలో ఎండ ఎన్నడును సోకని లోపలి పక్కయు పచ్చగనే యుండెను. ఈ ఒళ్లు ఏ.బీ.ఎస్. అను ప్లాస్టిక్కుతో పోసినది. అక్రిలోనైట్రైలు, బ్యూటాడయీను, స్టైరీను అను మూడు పదార్థముల కలయిక యది. బ్యూటాడయీను రబ్బరు జాతిది. క్రింద పడినను పగులకుండునట్టి గట్టితన మిచ్చును. అయితే గాలిలోని ప్రాణవాయువు మొదట పట్టుకొనునదియు దానినే. ఎండలోని అతినీలలోహిత కిరణములును, వేడిమియు ఆ పనిని త్వరపెట్టును. చీకటిలో అది మెల్లగా సాగును, ఆగదు. ఇది గాక విద్యుత్ వస్తువు గనుక మంట తొందరగా అంటుకొనకుండ బ్రోమిను గల మందు కలుపుదురు. చాలకాలము తప్పంతయు ఆ బ్రోమినుదే యనిరి. ఇప్పుడు ప్లాస్టిక్కునకే పాలెక్కువ యనువారును కలరు. ఏదియైనను, పైమూతను, అడుగుభాగమును వేర్వేరు విడతలలో పోసినప్పుడు కలిపిన పాళ్లు ఒక్కటి కానందుననే ఈ రంగుభేదము. పిండి యొకటే యైనను రెండు వాయల మురుకులు ఒకే రంగున రావు గదా.

కావున ఇది పైన పట్టిన మురికి కాదు, ప్లాస్టిక్కు చర్మమే మారినది. తోముట వలన ప్రయోజనము లేదు. బట్టల చలువనీళ్లు (బ్లీచింగు) వాడరాదు. గోళ్లరంగు తుడుచు అసిటోనును దగ్గరకు రానీయరాదు, అది ఏ.బీ.ఎస్.ను కరగించి నున్నని ముఖమును పాడుచేయును.

మందును కనుగొన్నవారు గొప్ప ప్రయోగశాలలవారు కారు, పాత కంప్యూటర్లపై మక్కువ గలవారు. 2008లో వారు హైడ్రోజన్ పెరాక్సైడును ప్లాస్టిక్కునకు పట్టించి అతినీలలోహిత కాంతిలో నుంచిన పచ్చదనము విరుగునని కనిపెట్టి, దానికి రెట్రోబ్రైట్ అను పేరు పెట్టి, పద్ధతిని అందరికి వెల్లడించిరి. కాంతి తగిలిన పెరాక్సైడు రంగు పుట్టించు బంధములను విడగొట్టును. మన స్త్రీలకు ఇందులో వింత లేదు. చీరపై పడిన పసుపుమరక సబ్బుకు లొంగక ఎండలో ఆరవేసిన తేలిపోవుట మనమెరుగనిదా? పెరాక్సైడు సైతము జుట్టు రంగు మార్చు దుకాణములలో క్రీముగా దొరకును. నూటికి 12 పాళ్లు గల క్రీమును, 40 వాల్యూము అనునది, మేము తెచ్చితిమి.

పెట్టె విప్పుటయే మొదటి చిక్కు. నింటెండోవారు సామాన్యపు మరచుట్లు పెట్టలేదు, వానికి 4.5 మిల్లీమీటర్ల ప్రత్యేకపు మూతి గల స్క్రూడ్రైవరు కావలెను. లోపలి విద్యుత్ పలకను, క్యాసెట్టును పైకెత్తు మీటను, దాని యుక్కుకడ్డీని వేరుచేసి, ఏది యెచ్చటిదో ఫొటో తీసికొంటిమి. ఈ ఫొటో తీయుట మరువకుడు.

అప్పుడు వివాదము వచ్చెను. రెండు భాగములకును పట్టించిననే రంగు కలియునని మేమంటిమి. పెరాక్సైడు ఇంకు నక్షరములను వెలిపించునేమో యని అక్కగారు. అక్షరములపై మైనము పూయుదమంటిమి. కాగితముపై అచ్చుగా దించుకొని మరల వ్రాయుదమంటిమి. వారు బదులు చెప్పలేదు. మరునాటి యుదయమున చూడగా అడుగుభాగము తువాలులో చుట్టబడి వారి బీరువాలో నుండెను. మేము మరి మాటాడలేదు.

మూతను సబ్బునీటితో కడిగి ఆరబెట్టి, రబ్బరు చేతితొడుగులు, కంటి అద్దములు ధరించి పని కుపక్రమించితిమి. ఈ జాగ్రత్త పైకి చెప్పు మాట కాదు. 12 పాళ్ల పెరాక్సైడు చర్మమును తెల్లగా పొక్కించును, కంటికి మిక్కిలి ప్రమాదము. దానిని వెనిగరుతో కలుపరాదు. బిగించిన సీసాలో నింపి యుంచరాదు, వాయువు పుట్టి సీసా పగులును. క్రీమును కుంచెతో సమముగా దట్టించి, వంటింటిలో గిన్నెలపై కప్పు పలుచని పొరతో గాలి చొరకుండ చుట్టి, పెరటిలో ఎండ నుంచితిమి. అప్పడములను కనిపెట్టుకొని యున్నట్లే దీనిని కనిపెట్టవలెను. గంటకొకమారు పొర తీసి, క్రీమును కలియరాచి, మూతను తిప్పి పెట్టుచుంటిమి. క్రీము ఎండిపోయిన చోట మచ్చ పడును.

పడెను కూడ. మూడవ గంటలో ఫోను మ్రోగగా లోనికి పోయి కొంత సేపు నిలిచిపోతిమి. ఇంతలో గాలికి ఒక మూల పొర లేచెను. వచ్చి చూచునప్పటికి ఆ మూల బెత్తెడు మేర పాలమీగడ విరిగినట్లు తెల్లని చారలు! ఈ చారలను తుడుచుటకు మందు లేదు. తక్కిన భాగమును వాని వెంట తెచ్చుటకు మరల పట్టించుటయే మార్గము. రెండవ దినము, మూడవ దినము పట్టించితిమి. చారలు చాలవరకు కలిసిపోయినవి, అన్నియు పోలేదు. వెలుగునకు అడ్డముగా పట్టిన నేటికిని కనబడును. ఈ మచ్చ మా యజాగ్రత్తది. ముందుగా విరిగిన యే క్యాసెట్టు డిప్పమీదనో ఒక దినము చేయి తిప్పుకొని యుండిన ఇంత జరుగకపోవును.

అయినను మూత మరల బూడిదరంగునకు వచ్చెను. క్రీమును బాగుగా కడిగి ఆరబెట్టి బిగించునప్పుడు అక్కగారు బీరువాలోని భాగమును తెచ్చి యిచ్చిరి. క్రొత్తగా తేరిన మూత క్రింద అది కొంచెము మాసినట్లే యుండెను. అబ్బాయి వచ్చి టీవీకి తగిలించి మీట నొక్కగా ఎఱ్ఱదీపము వెలిగెను. ఏడేండ్ల పాప ఆడుటకు ముందే పెట్టెను బోర్లించి, "ఈ బొమ్మలేమిటి?" అని అడిగెను. "బొమ్మలు కావు, నా పేరు" అని వాడు ఒక్కొక్క యక్షరముపై దాని వేలు నుంచి చదివించెను.

ఈ తెలుపు శాశ్వతము కాదు. ప్లాస్టిక్కులోని మార్పు ఆగినది కాదు గనుక, చీకటిలో దాచినను కొన్నేండ్లకు పచ్చదనము మరల రావచ్చును. మాటిమాటికి మందు పట్టించిన ప్లాస్టిక్కు పెళుసుబారునని కొందరు భయపడుదురు. అక్కగారి పెట్టెకు ఏడాది దాటిన పిదప, చారలు పడిన ఆ మూలయే ముందుగా పసుపు తిరుగుచున్నదని వారు ఫోనులో చెప్పిరి. వచ్చే వేసవికి క్రీము తెత్తుమా యని యడిగితిమి. వద్దనిరి. పాప సెలవులకు వచ్చినప్పుడెల్ల పెట్టె బల్లమీదనే యుండుచున్నదట.