మీకు తెలుసా? గుండె స్కానింగ్ వేగం, ఓ తెలుగువాడి లెక్క

● తల, మోకాలు కదలకుండా పెట్టమంటే పెడతాం. గుండెను ఆపలేం కదా! అందుకే గుండె ఎంఆర్ఐకి ఎక్కువ సమయం పడుతుంది. ఛాతీకి ఈసీజీ తీగలు అంటించి, ఒక్కో స్పందనలో కొంత కొంత సమాచారం తీసుకుని, అన్నిటినీ కలిపి బొమ్మ తయారుచేస్తారు. ఊపిరితో గుండె పైకీ కిందికీ జరుగుతుంది కాబట్టి పది పదిహేను సెకన్లు ఊపిరి బిగపట్టమంటారు. గుండె మొత్తం చూడాలంటే అలా ఎన్నోసార్లు బిగపట్టాలి. అంతా అయ్యేసరికి ముప్పావుగంట, ఒక్కోసారి గంట.

● అలంపూర్ నుంచి తుంగభద్ర దాటి కర్నూలుకో, బస్సెక్కి హైదరాబాదుకో వెళ్లే పెద్దాయనకు అసలు జబ్బే ఆయాసం. ఆయన్ను మాటిమాటికీ ఊపిరి ఆపమంటే ఎలా? మధ్యలో ఊపిరి వదిలితే బొమ్మ చెదురుతుంది, మళ్లీ మొదలుపెట్టాలి.

● దీనికి విరుగుడు అయస్కాంతం బలం పెంచడం ఒక్కటే కాదు, లెక్క కూడా. 1999లో వచ్చిన ఒక పద్ధతితో, ఛాతీ మీద ఉంచే చాలా కాయిల్స్ ఒకేసారి సంకేతాలు అందుకుని పని పంచుకుంటున్నాయి. 2007 నాటికి మరో ఆలోచన ఎంఆర్ఐలోకి వచ్చింది: కొలవాల్సినదంతా కొలవక్కర్లేదు. గద్వాల చీర అంచు జానెడు చూస్తే చాలు, మిగతాది ఎలా సాగుతుందో నేతగాడు చెప్పేస్తాడు. కంప్యూటరూ అంతే, కొద్ది కొలతల నుంచి పూర్తి బొమ్మ కడుతుంది. ఇప్పుడు కృత్రిమ మేధ ఆ పనిని ఇంకా త్వరగా చేస్తోంది. కొన్ని యంత్రాల మీద రోగి మామూలుగా ఊపిరి తీస్తూ ఉండగానే గుండె కదలికను చిత్రిస్తున్నారు.

● ఇంతకీ, తక్కువ కొలతలతో ఎంత కచ్చితంగా చెప్పగలం? ఆ హద్దును 1945లో, పాతికేళ్లు నిండీ నిండని వయసులో తేల్చినవారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు. ప్రపంచం దాన్ని ‘క్రామెర్-రావు హద్దు’ అంటుంది. ఏ కొలత తీస్తే ఎక్కువ తెలుస్తుందో ఎంచుకోవడానికి ఎంఆర్ఐ పరిశోధకులు నేడు ఆ సూత్రాన్ని వాడుతున్నారు. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి అందుకున్న ఆయన అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు. కాగితం మీద రాసిన సూత్రం నేడు ఎంఆర్ఐ పరిశోధనకు పనికొస్తోందంటే, తెలుగువారికి ఇంతకన్నా గర్వకారణం ఏముంటుంది?

● ఎంఆర్ఐలో ఎక్స్-రే, సీటీల్లో ఉండే రేడియేషన్ ఉండదు. కాని 1.5 టెస్లా యంత్రం అయస్కాంత బలం భూమి బలానికి ముప్పైవేల రెట్లకు పైనే. పేస్‌మేకర్, స్టెంటు, ఒంట్లో ఇనుప ముక్క, కిడ్నీ జబ్బు ఉంటే ముందే చెప్పండి. ఊపిరి ఎక్కువసేపు బిగపట్టలేకపోతే ఆ మాటా మొహమాటపడకుండా చెప్పండి. దానికి తగ్గ పద్ధతి ఆ యంత్రంలో ఉంటే టెక్నీషియన్ అదే ఎంచుకుంటారు.